క్యాట్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోతోందా?

లినక్స్ కమాండ్లు నేర్పే బ్యాండిట్ ఆటలో రెండు చోట్ల ఆగిపోయానన్నారు: డాష్ (-) పేరున్న ఫైల్‌ను తెరవబోతే టెర్మినల్ కదలడం లేదని, ఆరో లెవెల్లో ఫైళ్లను వెతికే ఫైండ్ (find) కమాండ్ కొడితే తెరనిండా పర్మిషన్ డినైడ్ వస్తోందని.

మొదటిదాంట్లో టెర్మినల్ బిగుసుకుపోలేదండీ, మీరు టైప్ చేస్తారని చూస్తోంది. ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ (cat) కమాండ్‌కి ఒంటి డాష్ ఇస్తే స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే ఇక్కడ మీ కీబోర్డ్, అనుకుంటుంది. ఏదైనా కొట్టి ఎంటర్ నొక్కండి, అదే మాట తిరిగి చెబుతుంది! కంట్రోల్+సీతో బయటికొచ్చి, ఫైల్ పేరును ./- అని ఇవ్వండి. చుక్క అంటే మీరున్న డైరెక్టరీ. స్లాష్ రాగానే అది ఫైల్ దారి అని క్యాట్‌కి అర్థమవుతుంది. కొటేషన్లలో పెట్టి చూడమని కొందరు చెబుతారు, ఇక్కడ పనికిరాదు. వాటిని షెల్ (మీరు కొట్టిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) ముందే తీసేస్తుంది, క్యాట్‌కి చేరేది మళ్లీ ఆ డాషే.

ఇక రెండోది. అన్ని ఫోల్డర్లకూ పైనుండే రూట్ (/) నుంచి వెతికితే మీకు అనుమతి లేని ఫోల్డర్లు తగలడం మామూలే, టెన్షన్ పడకండి. ఆ ఎర్రర్లన్నీ జవాబుతో కలవకుండా 2వ నంబరు దారిలో వస్తాయి. కమాండ్ చివర 2>/dev/null (డెవ్/నల్) అని తగిలిస్తే అవి మాయమై జవాబు ఒక్కటే మిగులుతుంది. ఆ లెవెల్లో వెతకాల్సిన ఫైల్ 33 బైట్లది కదా, సైజ్ దగ్గర 33 పక్కన సీ (c) అక్షరం మరవకండి. అది లేకపోతే ఫైండ్ బైట్లు కాకుండా 512 బైట్ల బ్లాకులు లెక్కిస్తుంది.

వీలుంటే ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ -ఎల్ (ls -l) కమాండ్‌తో /డెవ్/నల్‌ని కూడా ఓసారి చూడండి. వరుస మొదట్లో సీ (c) అని ఉంటుంది, అంటే అది మామూలు ఫైల్ కాదు, క్యారెక్టర్ డివైస్ అనే ప్రత్యేక రకం ఫైల్.