ముందు గడ్డి తగ్గించండి, స్ప్రింక్లర్ సంగతి తర్వాత

అవిలాల వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నామనీ, ముందర 25 అంకణాల్లో లాన్ వేశామనీ, దానికి ఆటోమేటిక్ స్ప్రింక్లర్ బిగించడానికి 60 వేలు అడుగుతున్నారనీ రాశారు. పెట్టించాలా, పైపు పట్టుకుని తడుపుకుంటే చాలా అని మీ ప్రశ్న. నేను రెండూ చేసినవాణ్ణే. నన్నడిగితే 25 అంకణాలకైతే వద్దండీ. ముందు ఆ గడ్డిని 15 అంకణాలకు తగ్గించండి. అప్పటికీ కావాలనిపిస్తే పెట్టించుకోండి, అదీ నేను చేసిన తప్పులు చేయకుండా.

(బయటి ఊళ్ళవాళ్ళు చదువుతుంటే ఒక మాట: తిరుపతి అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు అంకణం 72. ఈ తేడా తెలీక మా బావమరిది ఒకసారి స్థలం బేరంలో గంటసేపు వాదించాడు.)

మాది తిరుచానూరు రోడ్డు పక్క వీధి. ఇంటి ముందర 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు జాగా ఉంటే మొత్తం లాన్ వేయించాను. అంటే 30 అంకణాలు. మొదటి ఏడాదంతా మా అమ్మే తడిపేది. సాయంత్రం ఐదున్నరకి కొంగు దోపుకుని, పైపు పట్టుకుని, కాంపౌండు గోడ దగ్గర నిలబడేది. గోడకి అవతల పక్కింటావిడ. వాళ్ళ మాటలు ఎంతసేపు సాగితే ఆ గోడ పక్కన అంతసేపు నీళ్ళు. అక్కడ గడ్డి కోసి ఆవుకి వేసేంత ఏపుగా ఉండేది. గేటు పక్క మూల మాత్రం కొబ్బరి పీచులాగా ఎర్రబడిపోయేది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక స్ప్రింక్లర్ ఆలోచన వచ్చింది. అంతకుముందు ఒకరోజు ఊరికే కుతూహలం కొద్దీ పైపు కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి, ఫోన్లో టైము చూశాను. 45 సెకన్లకి నిండింది. అంటే నిమిషానికి 20 లీటర్లు. అమ్మ 40 నిమిషాలు తడుపుతుంది కాబట్టి రోజుకి 800 లీటర్లు. నాకు గుండె ఝల్లుమంది. మా మిద్దె మీద ఉన్నదే వెయ్యి లీటర్ల ట్యాంకు!

మరి గడ్డికి నిజంగా ఎంత కావాలి? ఈ లెక్క చాలా తేలిక. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలిస్తే అది ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి గడ్డి రోజుకి దాదాపు 5 మిల్లీమీటర్లు లాగుతుంది. 30 అంకణాలు అంటే వంద చదరపు మీటర్లు. అంటే రోజుకి 500 లీటర్లు. మీ 25 అంకణాలకు 420 దాకా వేసుకోండి. చేత్తో తడిపితే మాకు 300 లీటర్లు ఊరికే పోతున్నాయి, అయినా ఒక మూల ఎండుతోంది. స్ప్రింక్లర్ పెడితే ఈ 300 మిగులుతాయి కదా అనుకున్నాను. ఇంతవరకు నా ఆలోచనలో తప్పు లేదు.

నేను ఆలోచించనిదల్లా మిగతా 500 లీటర్లు మే నెలలో ఎక్కడినుంచి వస్తాయని. మా బోరు జనవరిలో ట్యాంకు నింపి పొంగిస్తుంది. మే నెలలో 20 నిమిషాలు పోసి, గాలి వదిలి, గంట విశ్రాంతి అడుగుతుంది. కార్పొరేషన్ కొళాయి నీళ్ళు గడ్డికి పట్టే ఆలోచన పెట్టుకోవద్దు. కల్యాణి డ్యామ్ నుంచీ తెలుగుగంగ నుంచీ ఊరు తాగడానికి తెచ్చుకునే నీళ్ళవి. ఇంట్లో స్నానాలకి ట్యాంకరు పిలిపించుకుంటూ ముంగిట్లో స్ప్రింక్లర్ ఆడిస్తే వీధిలో తలెత్తుకోలేం. గడ్డి కోసం ఇంకో బోరు వేయించమని కూడా సలహా ఇస్తారు. నీళ్ళు, నేల, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, కొత్త బోరుకి అనుమతి కావాలి. అనుమతి వచ్చినా పక్కవాళ్ళ బోరు నీళ్ళే కదా మనం లాగేది.

ఇక బిగించిన వైనం. 2019లో ఒకాయన వచ్చి, టేపు పెట్టి కొలిచి, పొడవు వైపులా గోడల వెంబడి మూడు మూడు చొప్పున ఆరు పాప్-అప్ హెడ్లు పెట్టాడు. నీళ్ళు వచ్చినప్పుడు నేలలోంచి పైకి లేచి, ఆగగానే లోపలికి దిగిపోయే రకం. మిద్దె మీది ట్యాంకు నుంచే లైను ఇచ్చాడు. మొదటిరోజు ఇంటిల్లిపాదీ వరండాలో కూర్చున్నాం. వాల్వు తిప్పాడు. ఆరు హెడ్లూ రెండంగుళాలు లేచి, అక్కడే ఆగి, చంటిపిల్లాడి నోట్లోంచి చొంగ కారినట్టు నీళ్ళు కార్చాయి. అంతే.

కారణం ప్రెషరు. నీటిమట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద దాదాపు 1 బార్ ప్రెషరు వస్తుంది. మా ట్యాంకు ఎత్తు 25 అడుగులు, అంటే ముప్పావు బార్ కూడా పూర్తిగా లేదు. ఈ స్ప్రే హెడ్లు సరిగ్గా చిమ్మాలంటే 2 బార్ కావాలి. రెండు మిద్దెల ఇంటి మీద ట్యాంకు ఉన్నా చాలదు. విడిగా మోటారు పెట్టాల్సిందే. ఈ మాట ముందే చెప్పి ఉంటే నా లెక్క వేరుగా ఉండేది. ఆయన మాత్రం మరుసటిరోజు వచ్చి, "మోటారు ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. 1 హెచ్‌పీ మోటారు, ఫిల్టరు, టైమరు అన్నీ కలిసి నాకు 38 వేలు అయింది. మీకు చెప్పిన 60 వేలల్లో మోటారు ఉందో లేదో ఇవాళే అడగండి. కరెంటు గురించి మాత్రం బెంగపడకండి. 1 హెచ్‌పీ మోటారు 20 నిమిషాలు ఆడితే పావు యూనిట్.

మోటారు పెట్టాక ఆడింది. బ్రహ్మాండంగా ఆడింది. ఉదయం ఆరింటికి ఎండ ఏటవాలుగా పడుతుంటే తుంపరలో ఇంద్రధనుస్సు కనపడేది. మా చిన్నది బడికి వెళ్ళేముందు దాన్లో ఒక రౌండు పరిగెత్తి యూనిఫాం తడుపుకునేది. నెల తిరిగేసరికి లాన్ నడుమ, ఈ చివర నుంచి ఆ చివరదాకా, పాపిడి తీసినట్టు ఒక ఎర్ర గీత పడింది.

అక్కడ నీళ్ళు పడుతూనే ఉన్నాయి, కంటికి కనిపిస్తున్నాయి. మరెందుకు ఎండుతోంది? ఎక్కడో చదివిన ఒక పద్ధతి గుర్తొచ్చి, వంటింట్లోంచి పన్నెండు స్టీలు గ్లాసులు తెచ్చి గడ్డి మీద వరసగా పెట్టాను. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండేవి కాకుండా, నిలువుగా సమంగా ఉండేవి ఏరుకున్నా. అమ్మ చూసి, "ఏమ్రా, తీర్థం పంచుతుండావా?" అంది. 18 నిమిషాలు ఆడించి, ఆపి, ఒక్కో గ్లాసులో స్కేలు ముంచాను. హెడ్ల దగ్గరలో ఉన్నవాటిలో 7, 8 మిల్లీమీటర్లు. నడుమ వరసలో ఉన్న నాలుగు గ్లాసుల్లో 2 మిల్లీమీటర్లు. ఒకదాంట్లో అడుగు కూడా పూర్తిగా తడవలేదు.

విషయం ఏమంటే, ఈ హెడ్డు చిమ్మే దూరం 15 అడుగులు. మా వెడల్పు 30. ఇటునుంచి 15, అటునుంచి 15, లెక్క సరిపోయిందని ఆయన అనుకున్నాడు. కానీ ఏ హెడ్డయినా ఒక్కటే సమంగా తడపదు. దూరం వెళ్ళేకొద్దీ నీళ్ళు పలచబడతాయి. అందుకని ఒక హెడ్డు నీళ్ళు పక్క హెడ్డు కాళ్ళ దాకా పడాలి, రెండూ ఒకదాని మీద ఒకటి పడితేనే సమంగా తడుస్తుంది. అంటే మాకు నడుమ ఇంకో మూడు కావాల్సింది. డబ్బు కలిసొస్తుందని ఆరుతో సరిపెట్టారు.

ఇంకో మూడు పెట్టించడానికి ఫోను చేయబోతుంటే మా ఆవిడ ఒక మాటంది: "ఆ గీతకి అవతల మనమెవరైనా ఎప్పుడైనా కూర్చున్నామా?" నిజమే. పిల్లలు ఆడేది, మేము కుర్చీలు వేసుకునేది, అంతా ఇంటి వైపు సగంలోనే. గేటు వైపు సగం ఊరికే చూడ్డానికి, తడపడానికి. గేటు వైపున్న మూడు హెడ్లని పీకి, ఇంటి వైపు వరసకి 15 అడుగుల దూరానికి తెచ్చాం. గేటు వైపు 15 అంకణాల గడ్డి తీసేసి మామిడి, జామ, రెండు నందివర్ధనం చెట్లు పెట్టాం. వాటికి డ్రిప్ పైపు. మొదళ్ళలో శెనక్కాయ పొట్టు మందంగా పరిచాం. మా వైపు దానికి కొదవలేదు, మామ వాళ్ళ ఊరినుంచి రెండు మూటలు వచ్చాయి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది.

ఇప్పుడు అదే ఆరు హెడ్లతో 15 అంకణాలు. ఎండాకాలం రోజు మార్చి రోజు, పొద్దున ఐదున్నరకి 9 నిమిషాలు, అరగంట ఆపి మళ్ళీ 9 నిమిషాలు. ఒకేసారి ఆడిస్తే నీళ్ళు ఇంకకుండా గేటు కిందనుంచి రోడ్డెక్కుతాయి, అందుకని. రెండు రోజులకి 500 లీటర్లు. బోరు ఇది మే నెలలో కూడా ఇవ్వగలుగుతోంది. సాయంత్రం మాత్రం ఆడించకండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగులు పడుతుంది.

పెట్టించాక పని ఉండదని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. మా బోరు నీళ్ళు ఉప్పు. రెండు నెలలకోసారి హెడ్డులో నీళ్ళు చిమ్మే నాజిల్‌లో తెల్లటి గట్టి పొర కడుతుంది, చిమ్మాల్సింది వాలిపోయి ఒక పక్కకి పిచికారీ కొడుతుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లో వేసి, పొద్దున పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి. సూదితో పొడిచారంటే రంధ్రం పెద్దదై అది ఇంక పనికిరాదు. కారు పక్కన హెడ్డు ఉంటే అద్దాల మీద తెల్ల చుక్కలు పడి పోవు. గోడకి తగిలేలా పెడితే రంగు లేస్తుంది. పందికొక్కులు ఒకసారి డ్రిప్ పైపు కొరికేశాయి. ఇవన్నీ పెద్ద కష్టాలు కావు గానీ, ఆదివారం అరపూట పట్టుకుపోతాయి.

టైమరు కొంటే బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే కొనండి. మా మొదటిది కరెంటు పోయినప్పుడల్లా టైము మర్చిపోయి మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలయ్యేది. మొదలయ్యాక ఇంక వానా వరదా చూడదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారి, ఘాట్ రోడ్లు మూసేసిన రోజుల్లో ఒక పొద్దున కుండపోతగా పడుతుంటే, మా ఆరు హెడ్లూ బుద్ధిగా లేచి వానని తడుపుతున్నాయి. గొడుగేసుకుని వెళ్ళి ప్లగ్గు పీకాను. మనకి వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ మూడు నెలలూ ఇప్పుడు స్విచ్చే ఆపేస్తాను. ఏడాదిలో పావు వంతు కాలం పనిలేని సామానుకి 60 వేలు పెడుతున్నామని గుర్తుంచుకోండి.

ఖర్చు తక్కువలో కావాలంటే డ్రిప్ సామాన్ల అంగట్లో రెయిన్ పైపు అడగండి. చదునుగా చుట్టిన పైపు, సన్న సన్న బెజ్జాలుంటాయి, నీళ్ళు వదిలితే రెండు పక్కలా తుంపరగా లేస్తుంది. రైతులు కూరగాయల మళ్ళలో వాడతారు. లాన్ నడుమ పరిచి, పని అయ్యాక చుట్టేయొచ్చు. అందం ఉండదు, పని జరుగుతుంది. పొలాల్లో శెనక్కాయకి పెట్టే పెద్ద స్ప్రింక్లర్ మాత్రం తేవొద్దు. మా మామ ప్రేమగా ఒకటి స్టాండుతో సహా తెచ్చిచ్చాడు. అది పన్నెండు మీటర్ల దాకా కొడుతుంది, ఎదురింటి మిద్దె మీద ఆరేసిన బట్టలన్నీ తడిశాయి. సబ్సిడీ వస్తుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. 2003లో మొదలైన సూక్ష్మ సేద్యం పథకం రైతుల పొలాలకి, మన ముంగిలి గడ్డికి కాదు, కాకూడదు కూడా.

మీ లాన్‌లో ఏ గడ్డి వేశారో రాయలేదు. మెక్సికన్ అయితే నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. మాది అదే, కానీ నడుమ నడుమ మన గరిక చొరబడింది. నీళ్ళు తగ్గించినప్పుడు పచ్చగా నిలబడింది ఆ గరికే. దాన్ని పీకడం మానేశాను. వినాయక చవితికి వీధిలో సగం మంది మా ఇంటికే వస్తారు.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ. స్ప్రింక్లర్ వచ్చిన వారానికే సాయంత్రం ఐదున్నరకి ఏం చేయాలో తోచక లోపలికీ బయటికీ తిరిగేది. పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చి, చూసి, వెళ్ళిపోయేది. అందుకని గోడ పక్క పూలకుండీలకి మేము డ్రిప్ పెట్టలేదు. వాటికి చిన్న పైపు, అమ్మకో కుర్చీ. 40 నిమిషాలు పట్టేంత కుండీలు కావవి, కానీ పడుతోంది.

మీ ట్యాంకు నేలనుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో, గడ్డి పొడవు వెడల్పులు ఎంతో, పక్కింటివాళ్ళ బోరు మే నెలలో ఎన్ని నిమిషాలు పోస్తుందో కనుక్కుని ఇక్కడే రాయండి. మీది కొత్త బోరు, ఇంకా ఎండాకాలం చూడలేదు కాబట్టి పక్కింటివాళ్ళనే అడగాలి. ఎన్ని హెడ్లు, ఎక్కడెక్కడ అన్నది అప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఆ 60 వేలు అడిగినాయనకి అడ్వాన్సు ఇవ్వకండి.