ఖాతా ఈ వారమే, కార్డు ఇప్పుడే వద్దు

ప్రశ్న: నమస్కారం సార్. మాది మైదుకూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ప్రొద్దుటూరులో ఒక బట్టలంగట్లో లెక్కలు రాసే పనిలో చేరాను. నాకు 22 ఏళ్లు. జీతం 17 వేలు, చేతికే ఇస్తారు. నెల మధ్యలో అవసరం పడితే రెండు మూడు వేలు అడ్వాన్సు వాడుకుంటాను. కాలేజీ రోజుల్లో ఊళ్లో గ్రామీణ బ్యాంకులో ఖాతా తెరిచాను కానీ మూడేళ్లుగా దాని జోలికి పోలేదు. అప్పటి ఫోన్ నంబరు కూడా ఇప్పుడు లేదు. ఎవరికైనా ఫోన్‌పే చేయాల్సి వస్తే రూమ్మేట్‌కు నోట్లిచ్చి చేయిస్తాను. పోయిన వారం కడపలో ఒక మాల్ దగ్గర క్రెడిట్ కార్డు ఫ్రీ అని ఆపారు. జీతం స్లిప్పు లేదంటే 'ముప్పై వేలని రాసుకుంటాంలే సార్' అని ఆధార్, పాన్ ఫొటోలు తీసుకుని ట్యాబ్ మీద సంతకం పెట్టించుకున్నారు. కార్డు లేకపోతే సిబిల్ రాదు, సిబిల్ లేకపోతే దసరాకి బండి లోన్ రాదు అంటున్నారు స్నేహితులు. మా నాయనేమో 'అది అప్పు కార్డు, ఇంట్లోకి తేవద్దు' అంటున్నాడు. ఈ వయసులో నాకు ఇవన్నీ అవసరమా? నా పేరు రాయవద్దు.

జవాబు: మీరు రెండు ప్రశ్నలను ఒకే మూటలో కట్టారు. బ్యాంకు ఖాతా అవసరమా అంటే, ఈపాటికే ఉండాలి. కార్డు అవసరమా అంటే, ఇప్పుడు కాదు. దసరా బండి గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు ఖాతా. నెలకు 17 వేలు సంపాదిస్తున్న మనిషి మీరు. కానీ ఆ సంగతి మీకూ, మీ యజమానికీ తప్ప కాగితం మీద ఎక్కడా లేదు. రేపు మీరు ఏ బ్యాంకుకు పోయినా అడిగే మొదటి మాట 'ఆరు నెలల స్టేట్‌మెంటు ఉందా?' అనే. రూమ్మేట్ చేత చేయించే చెల్లింపులన్నీ అతని లెక్కలోనే పడుతున్నాయి, మీ పేరుతో ఒక్క గీత కూడా లేదు. ఈ అలవాటులో ఇంకో ముల్లు ఉంది. ఇవాళ మీరు అతని ఖాతా వాడుకుంటున్నారు. రేపు ఇంకెవరో వచ్చి 'నీ ఖాతా నాలుగు రోజులు ఇవ్వు, కమీషన్ ఇస్తా' అంటే అదీ మామూలే అనిపిస్తుంది. సైబర్ మోసాల డబ్బు తిరిగేది ఇలాంటి కుర్రాళ్ల ఖాతాల్లోనే. పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. మీ ఖాతా మీరు వాడండి, అతని ఖాతా అతన్ని వాడుకోనివ్వండి.

కొత్త ఖాతా తెరవాల్సిన పని కూడా లేదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకులు ఖాతాను నిద్రాణ స్థితిలో పెడతాయి. డబ్బు ఎక్కడికీ పోదు, వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ తెరవడానికి రుసుము తీసుకోకూడదని, నిద్రాణంగా ఉన్నంత కాలం మినిమం బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఆధార్, పాన్, ఒక ఫొటో, కొత్త ఫోన్ నంబరు పట్టుకుని పోండి. ఊరిదాకా పోనక్కర్లేదు, అదే బ్యాంకు ప్రొద్దుటూరు శాఖలో కూడా కేవైసీ, అంటే మీ గుర్తింపు కాగితాలు, తీసుకోవాలి. బోర్డు చూసి మాత్రం వెనక్కి రాకండి. మీ పాస్‌బుక్ మీద 'ఆంధ్ర ప్రగతి' అని ఉంటే, కడప కేంద్రంగా నడిచిన ఆ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి 'ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు' అయింది. మీ నాయన పెట్టెలో వెతికితే అంతకుముందు పేరు, అంటే 2006కు ముందరి 'రాయలసీమ గ్రామీణ బ్యాంకు' పాస్‌బుక్కు కూడా దొరకవచ్చు. పేరు మారినా ఆ బ్యాంకులో ఉన్న డబ్బు మీదే. డబ్బు పంపేటప్పుడు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మాత్రం అక్కడే అడిగి రాసుకోండి.

ఖాతా పని చేయడం మొదలయ్యాక జీతం అందులో వేయమని యజమానిని అడగండి. ఆయనకు ఇష్టం లేకపోతే గొడవ పడకండి. చేతికి ఇచ్చిన మరుసటి రోజు మీరే పోయి జమ చేయండి, ప్రతి నెలా అదే తేదీకి. ఖర్చుకు కావలసింది అందులోంచే తీసుకోండి. ఆరు నెలలు గడిస్తే జీతం స్లిప్పు చేసే పనిలో సగం మీ పాస్‌బుక్కే చేస్తుంది. మీ ఆదాయం మీద పన్ను పడదు కానీ ఐటీ రిటర్ను దాఖలు చేస్తే అది మిగతా సగం.

ఖాతా తెరిచిన రోజే రెండు చిన్న ఫారాలు అడిగి నింపండి. ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవిత బీమా. ఒక్కోటి రెండు లక్షలకు, ఖాతాలోంచే కట్ అవుతుంది. బండి కొనాలనుకునే మనిషికి ఆ 20 రూపాయల బీమా బండి కంటే ముందు ఉండాలి. ఈ సంగతి కౌంటర్లో వాళ్లు తమంతట తాము చెప్పడం తక్కువ, మీరే అడగాలి.

ఇక కార్డు. మాల్ దగ్గర అబ్బాయి వడ్డీ గురించి ఏమీ చెప్పి ఉండడు. చెప్పినా 'నెలకు మూడున్నర శాతం' అని చెప్పి ఉంటాడు, వినడానికి చిన్నగానే ఉంటుంది. మన భాషలోకి మార్చి చూడండి: నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే నాలుగు రూపాయలు దాటుతుంది. మీ ఊళ్లో ఎవరైనా నోటు రాయించుకుని నూటికి రెండు రూపాయల చొప్పున ఇస్తే వాణ్ణి వడ్డీ వ్యాపారి అంటారు. నాలుగు రూపాయలకిచ్చేవాణ్ణి ఏమంటారో ఇక్కడ అచ్చువేయలేను.

'గడువులోపు మొత్తం కడితే వడ్డీ సున్నా కదా' అంటారు. నిజమే. బిల్లు తేదీ 5, కట్టే గడువు 25 అనుకుందాం. ఆరో తేదీన కొన్న వస్తువుకు వచ్చే నెల 25 దాకా, అంటే 49 రోజులు వడ్డీ లేని అప్పు. నాలుగో తేదీన కొంటే 21 రోజులే. లెక్క తెలిసినవాడికి ఇది లాభమే. చిక్కంతా బిల్లు మీద ఇంకో చిన్న అంకె ఉండటంలో ఉంది. మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటకు 'ఇంత కడితే చాలు' అని అర్థం చెప్పుకుని ఏడాదికి పైగా హాయిగా కట్టాను. అప్పటికి నేను కామర్స్ డిగ్రీ చదివినవాణ్ణి!

20 వేల ఫోన్ కొన్నారనుకోండి. ఐదు శాతం కనీసం కట్టమంటారు, వెయ్యి కట్టారు. మిగిలిన 19 వేల మీద ఒక నెలకు వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు 785 రూపాయలు. వచ్చే నెల మళ్లీ వెయ్యి కడితే అసలులో తగ్గేది రెండు వందల చిల్లర. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంత కాలం కొత్త కొనుగోళ్లకు ఆ 49 రోజుల వెసులుబాటు ఉండదు. నిన్న కార్డు గీసి కొన్న ఎర్రగడ్డలకు కూడా నిన్నటి నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే బాకీ ఉన్నా లేకున్నా ఆ రోజు నుంచే వడ్డీ, పైన రుసుము.

మీ నాయనకు ఈ బొమ్మ కొత్త కాదు. ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక, వడ్డీ మాత్రం కట్టి నోటు తిరగరాయించుకోవడం ఆయన చూసే ఉంటారు. మినిమం డ్యూ అంటే నెలనెలా నోటు తిరగరాయడమే. ఇంకో మాట, ఆయన పంట అప్పు తీసుకుని ఉంటే బహుశా ఆయన దగ్గరా ఒక క్రెడిట్ కార్డు ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డు, 1998 నుంచి ఉన్న పథకం. మూడు లక్షల దాకా ఏడాదికి 7 శాతం, గడువు తప్పకుండా కడితే 3 శాతం తగ్గి 4 శాతం. అంటే నెలకు నూటికి ముప్పై మూడు పైసలు. తేదీ తప్పితే ఆ మూడు శాతం పోతుందని ఆయనకు తెలుసు. కాబట్టి 'అప్పు కార్డు' అన్న మాట తెలియక అన్నదని అనుకోకండి.

అయితే జీవితాంతం కార్డు తీసుకోవద్దా? అలా అనను. మీకు సరిపోతుందో లేదో తేల్చే పరీక్ష మీ అంగట్లోనే ఉంది. మీరు రాసే లెక్కల్లో మీ పేరు మీద కూడా ఒక పేజీ ఉంటుంది కదా, అడ్వాన్సుల పేజీ. అదే మీ మొదటి క్రెడిట్ కార్డు, అది కూడా వడ్డీ లేనిది. గడచిన ఆరు నెలలూ తీసి చూడండి. మూడు వేలు వాడుకుని జీతం రోజు తీర్చేసి, మళ్లీ నెల ఆ ఊసే లేకుండా గడిపారా? లేక జీతం రోజు 14 వేలు చేతికొస్తే అవి చాలక పదిహేనో తేదీకి మళ్లీ మూడు వేలు, తరువాతి నెల నాలుగు వేలు, ఇలా పెరుగుతూ వచ్చిందా? రెండోదైతే కార్డు చేతికొచ్చిన మూడో నెలకే మీరు మినిమం డ్యూ కట్టే మనిషి అవుతారు. ఎదురుగా కూర్చున్న యజమాని ముఖం చూసి అడగాల్సి వస్తేనే ఇంత వాడుతుంటే, ఎవర్నీ అడగక్కర్లేని చోట చెయ్యి ఆగుతుందా? ఆరు నెలలు వరుసగా ఆ పేజీ ఖాళీగా ఉంటే అప్పుడు ఆలోచించండి.

అప్పుడైనా మాల్ దగ్గర ఆపేవాళ్ల కార్డు కాదు. మీ ఖాతా ఉన్న బ్యాంకులోనో, వేరే ప్రభుత్వ బ్యాంకులోనో పదిహేను ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని మీద కార్డు ఇస్తారేమో అడగండి. చాలా బ్యాంకులు ఇస్తాయి, జీతం స్లిప్పు అడగవు, పరిమితి డిపాజిట్ కంటే కాస్త తక్కువ ఉంటుంది. ఫోన్ రీచార్జి, కరెంటు బిల్లు లాంటివి మాత్రం దాని మీద కట్టి, మొత్తం బాకీ దానంతట అదే ఖాతాలోంచి తీరిపోయేలా పెట్టుకోండి.

సిబిల్ సంగతి. సిబిల్ అనేది ఎవరు అప్పు తీసుకుని ఎలా తీర్చారో లెక్క రాసిపెట్టే ఒక కంపెనీ పేరు. అలాంటివి దేశంలో నాలుగు ఉన్నాయి, స్కోరు 300 నుంచి 900 దాకా ఇస్తాయి. అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర ఎక్కడిదైనా అందులోకి ఎక్కుతుంది: బండి లోన్, బ్యాంకులో బంగారం మీద అప్పు, వాయిదాల మీద కొన్న ఫ్రిజ్. కార్డు ఒక దారి మాత్రమే. అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారిని తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది. మీ స్నేహితులు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నిజం, చరిత్ర లేనివారికి వడ్డీ కాస్త ఎక్కువ అడుగుతారు. దానికి మందు ఆరు నెలల స్టేట్‌మెంటు, ఎక్కువ డౌన్ పేమెంటు.

అందుకే బండిని ఒక పండగ వెనక్కి జరపమంటున్నాను. ప్రొద్దుటూరు దసరాను నడిచి చూసినా అందమే! లక్ష రూపాయల బండి అనుకుందాం. ఈలోగా నెలకు ఐదు వేల చొప్పున ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్ కడితే 30 వేలు చేతిలో ఉంటాయి, అప్పు 70 వేలే. షోరూములో 'తొమ్మిది శాతమే' అంటే అది ఫ్లాట్ వడ్డీనా అని అడగండి. ఫ్లాట్ అంటే మీరు తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేయడం. 70 వేలకు రెండేళ్లపాటు తొమ్మిది శాతం ఫ్లాట్ అంటే నెలకు దాదాపు 3,440 కట్టాలి, అది తగ్గే బాకీ మీద లెక్కేస్తే పదహారు శాతం పైన. బ్యాంకు అయినా ఫైనాన్స్ కంపెనీ అయినా ఇలాంటి అప్పుకు ఏడాది మొత్తం ఖర్చు ఎంతో చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిందే, 2024 అక్టోబరు నుంచి అది తప్పనిసరి. ఆ కాగితం చూడకుండా సంతకం వద్దు.

సంతకం అంటే గుర్తొచ్చింది. 'ముప్పై వేలని రాసుకుంటాం' అన్నది ఆ అబ్బాయే కావచ్చు, కింద ఉన్న సంతకం మీది. ఆ కార్డు ఇచ్చే బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి, ఈమెయిల్ కూడా పెట్టి దాచుకోండి. అయినా కార్డు వచ్చేస్తే కంగారు పడొద్దు, యాక్టివేట్ చేయకండి. 30 రోజులు దాటితే బ్యాంకు మీ అనుమతి కోసం ఓటీపీ పంపాలి, మీరు ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో రుసుము లేకుండా మూసేయాలి. యాక్టివేట్ కాని కార్డును సిబిల్ లాంటి కంపెనీలకు తెలపకూడదు కూడా. ఈ నెల రోజుల్లో 'సార్, కార్డు ఆన్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అని ఎంత మర్యాదగా అడిగినా చెప్పకండి. అడిగేది బ్యాంకువాళ్లో దొంగలో గొంతును బట్టి తేల్చలేం.

ఈ జవాబు మీ నాయనకు చదివి వినిపిస్తే, నూటికి నాలుగు రూపాయల దగ్గర ఒకసారి ఆగండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.