నడినెత్తిన నీళ్లున్న కప్పా

ప్రశ్న: జపాన్ చిత్రాల్లో వీపున తాబేటి చిప్ప, నడినెత్తిన గుంట ఉన్న ఒక వింత జీవి కనిపిస్తుంది. అది ఏమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అది కప్పా అనే నీటి భూతం. నదుల్లో, చెరువుల్లో ఉంటూ గుర్రాలను నీళ్లలోకి లాగుతుందనీ, ఈతకు దిగిన పిల్లలను ముంచేస్తుందనీ, మనుషులను కుస్తీకి పిలుస్తుందనీ అక్కడి జానపద కథలు చెబుతాయి. దాని బలమంతా నెత్తి గుంటలోని నీటిలోనే ఉంటుంది. అయితే మర్యాద తప్పని ఈ భూతం, ఎవరైనా వంగి నమస్కరిస్తే తానూ వంగి, ఆ నీరు ఒలికిపోగానే నీరసపడిపోతుంది. అల్లరినీ మర్యాదనూ ఒకే ప్రాణిలో కలిపిన ఈ ఊహ నాకు ఎంతో ఇష్టం.

జపాన్ చిత్రకారుడు తొరియామా సెకియెన్ 1776లో వెలువరించిన భూతాల చిత్రసంపుటిలో కప్పా తామరాకుల నడుమ నుంచి పైకి వస్తూ కనిపిస్తుంది. నడికట్టుకు సంచులు వేలాడదీసుకోవడానికి వాడిన నెత్సుకే అనే చిన్న చెక్కడాల్లోనైతే, ఆల్చిప్పలో కాలు ఇరుక్కుని విలవిలలాడే కప్పాను శిల్పులు మళ్లీ మళ్లీ మలిచారు. అరచేతిలో ఇమిడే ఆ బొమ్మల పనితనం ఏ పెద్ద చిత్రానికీ తీసిపోదు. కీర దోసకాయలంటే కప్పాకు ప్రాణం కాబట్టి, టోక్యోలోని సోగెన్‌జి ఆలయంలో భక్తులు నేటికీ వాటినే నైవేద్యంగా పెడతారు. ఆ మందిరం పైకప్పు నిండా కప్పా చిత్రాలే ఉన్నాయి.