అత్తాకోడళ్ళకు పడుతోందని ఫిర్యాదా?

"మేడమ్, నాకు 42 ఏళ్ళు. మంచి ఉద్యోగం. భార్య, ఆరో తరగతి చదివే అమ్మాయి, రెండో తరగతి అబ్బాయి. నాన్న పోయాక అమ్మ ఒక్కతే పొలంలో ఉన్న పాత ఇంట్లో ఉంటోంది. ఆమెకు 67 ఏళ్ళు. రెండు ఆవులు, ఒక దూడ, కొన్ని కోళ్ళు, కాస్త కూరగాయల సాగు. ఏడాది కిందట మా అత్తగారు చనిపోయారు. నా భార్య బాగా కుంగిపోయింది. మార్పు ఉంటుందని నేనే ఒకసారి అమ్మ దగ్గరికి పంపాను. అదే తప్పయింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతుంది. ఎంబీఏ చదివిన మనిషి పేడ ఎత్తుతోంది, పాలు పితుకుతోంది. మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చిన్నపిల్లల్లా వామనగుంటలు ఆడుకుంటారు. మొన్న కోపంలో 'మా అమ్మకు కోడలివా, పాలేరువా?' అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. పిల్లలకు చదువు ధ్యాస పోయింది. మావాడు పొద్దున్నే లేచి 'నాన్నా, పెట్ట పొదుగుకు కూర్చుంది, 11 గుడ్లు' అంటాడు, హోంవర్క్ మాత్రం చేయడు. నేనూ అప్పుడప్పుడు వెళ్తాను. వెళ్తే అమ్మ కుర్చీ తుడిచి వేసి, ఫ్యాన్ పెట్టి కూర్చోబెడుతుంది. తోచదు, గంటలో వచ్చేస్తాను. శని, ఆదివారాలు ఇంట్లో ఒక్కడినే. ఆ భూమి అమ్మేసి అమ్మను మా దగ్గరికి తెచ్చుకుంటే అన్నీ సర్దుకుంటాయి. అమ్మ ఒప్పుకోవడం లేదు, నా భార్య ఆమెకే వత్తాసు. వీళ్ళిద్దరికీ ఎలా నచ్చజెప్పాలి?"

ఇన్నేళ్ళుగా ఈ శీర్షికకు అత్తాకోడళ్ళ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పడటం లేదని అత్తలు రాస్తారు, పడటం లేదని కోడళ్ళు రాస్తారు, మధ్యలో నలిగిపోతున్నామని కొడుకులు రాస్తారు. ఇద్దరికీ మరీ బాగా కుదిరింది, ఏం చేయాలో చెప్పండి అని రాసిన మొదటి మనిషి మీరే. మీరు సరిగ్గా ఆ మాట అనలేదనుకోండి. ఉత్తరం సారం మాత్రం అదే.

అడిగినవి ముందు తేల్చేస్తాను. భూమి అమ్మించడం వద్దు. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఒంట్లో ఓపికుండి, తన సేద్యం తాను చేసుకుంటున్న తల్లిని మన సౌకర్యం కోసం అక్కడినుంచి లేపకూడదు. మీ భార్యను ఆపడమంటారా, అదీ వద్దు. ఇక పిల్లల చదువు. రెండో తరగతి పిల్లాడు గుడ్లు లెక్కపెట్టి, పెట్ట ఎప్పుడు కూర్చుందో గుర్తు పెట్టుకుంటున్నాడంటే వాడి బుర్రకు ఏమీ కాలేదు. హోంవర్క్ సంచీ కూడా అక్కడికే పంపండి. అరుగు మీద కూర్చున్నా లెక్కలు వస్తాయి.

నచ్చజెప్పాల్సింది వాళ్ళకు కాదు కాబట్టి, ఎలా అన్న ప్రశ్నే లేదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన వాక్యం వేరే ఉంది. అమ్మ కుర్చీ తుడిచి వేసి కూర్చోబెడుతుంది అని రాశారే, అది. దాన్ని మీరు ఏదో మామూలు సంగతిలా రాసి దాటిపోయారు. నాకు మాత్రం మీ బాధంతా ఆ కుర్చీలోనే కనిపించింది. మీ అబ్బాయికి ఆ ఇంట్లో కుర్చీ వేయరు. మీ భార్యకూ వేయరు. వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటారు. సొంత కొడుకు వస్తే మాత్రం చుట్టం వచ్చినట్టు కుర్చీ. గంటలో లేచి రావడానికి కారణం తోచకపోవడం కాదు బాబూ.

అది ఎలా జరిగిందో నాకు ఒక ఊహ ఉంది. తప్పయితే మళ్ళీ రాయండి. మీ చిన్నప్పుడు మీరు దొడ్లోకి వస్తే "నువ్విక్కడికెందుకు, వెళ్ళి చదువుకో" అని ఉంటారు. మేత కట్ట ఎత్తబోతే "బట్టలు పాడవుతాయి, దించు" అని ఉంటారు. ఆ తరం తల్లులు చాలామంది అంతే. తాము పడ్డ కష్టం పిల్లల చేతికి అంటకూడదని పనికీ పిల్లాడికీ మధ్య గోడ కట్టారు. వాళ్ళు అనుకున్నట్టే పిల్లలు చదివారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. కానీ ఆమె దినమంతా గడిచేది ఆ దొడ్లోనే. ఆ పని మీకు తెలియకుండా పోయేసరికి ఆమెతో మాట్లాడటానికి మీకు మాటే మిగల్లేదు. ఏమంటారు? "ఆరోగ్యం ఎలా ఉంది?" "బాగానే ఉందిరా." అయిపోయింది. ఆ తర్వాత కుర్చీ, ఫ్యాన్, గడియారం.

మీ భార్యకు ఆ గోడ లేదు. బయటినుంచి వచ్చిన మనిషి కాబట్టి "అత్తయ్యా, ఇదెలా?" అని అడగ్గలిగింది. ఆమె నేర్పింది. తల్లి పోయిన పిల్లకు ఒక తల్లి దొరికింది. తల్లి ఉన్న మీకేమో ఉన్న తల్లి చేజారిపోయినట్టుంది. దాన్ని అసూయ అని నేనంటే మీకు కోపం వస్తుంది. రానివ్వండి.

అక్కడ మీ భార్యకు ఏం దొరుకుతోందో కూడా చెప్పాలి, మీరు దాన్ని పేడ దగ్గరే వదిలేశారు గనక. ఆవు పాలు చేపాలంటే దాని మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి రావాలి. దూడ మూతి పొదుగుకు తగిలినప్పుడో, అలవాటైన చేయి తగిలినప్పుడో అది వస్తుంది, కొన్ని నిమిషాలే పనిచేస్తుంది, ఆలోపే పితుక్కోవాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి ఒంట్లోనూ ఇదే హార్మోను. ఆవు బెదిరితే అడ్రినలిన్ అడ్డం పడుతుంది, పొదుగులో పాలున్నా దిగవు. ఎగచేపింది అంటారు చూడండి, అది ఇదే. అంటే పాలు పితకడానికి కూర్చున్న మనిషి ముందు తనలో ఉన్న గాభరాను దించుకోవాలి. ఏడుపు గొంతులో పెట్టుకుని, చేతులు వణుకుతూ కూర్చుంటే కుదరదు. మనం ఎంతమందిమి వెళ్ళి "ధైర్యంగా ఉండు, ఎంతకాలం ఏడుస్తావు" అన్నా రాని నెమ్మది ఆ పావుగంటలో దానంతటదే వస్తుంది. పైగా ఆవు ప్రశ్నలు వేయదు. తల్లిని పోగొట్టుకున్నవాళ్ళను అడిగి చూడండి, పరామర్శలకు జవాబు చెప్పడమే ఎంత అలసటో.

ఇది నా కవిత్వం కాదు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి పని కోసమే వెయ్యికి పైగా పొలాలున్నాయి, కేర్ ఫార్మ్‌లు అంటారు. మనసు దెబ్బతిన్నవాళ్ళు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళు పగలంతా అక్కడ మేత వేసి, మొక్కలు చూసుకుని సాయంత్రం ఇంటికి వెళ్తారు. నార్వేలోనూ ఉన్నాయి. మీ భార్యకు అది అత్తగారింట్లోనే దొరికింది.

అలాగని పొలం స్వర్గం అనే రకాన్ని కాదు నేను. నాకు పశువులంటే ఇప్పటికీ భయమే. ఆవుకు ఆదివారం లేదు. పండగొచ్చినా జ్వరమొచ్చినా రెండు పూటలా పితకాల్సిందే. 67 ఏళ్ళ మనిషి తడి నేల మీద కుడితి బకెట్ మోస్తోందంటే కాలు జారుతుందేమోనన్న భయం కొడుక్కి ఉండాలి. అది మీకుంటే మంచిదే. ఉత్తరంలో మాత్రం కనిపించలేదు. భూమి అమ్మే మాట ఉంది, ఆమె నడుం నొప్పి మాట లేదు. బరువులెత్తడానికి ఒక మనిషిని కుదర్చడం, దొడ్లో లైట్లు సరిగ్గా వేయించడం, జారే చోట గరుకు గచ్చు చేయించడం, రాత్రిపూట పిలిస్తే పలికే మనిషిని చూసిపెట్టడం, ఇవీ కొడుకు చూసుకోవాల్సినవి. ఎంతకాలం చేయగలనో, ఎప్పుడు మానుకుంటానో చెప్పాల్సింది ఆమె. ఒకసారి అడగండి. అడిగి, మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా వినండి.

ఇక ఆ వామనగుంటలు. చిన్నపిల్లల్లా అని వెక్కిరించారు. చెక్క మీద ఇద్దరి వైపూ ఏడేసి గుంటలు, గుప్పెడు చింతపిక్కలు, ఇంతే కదా అని మీ ధీమా. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవడం విత్తనం వేసినట్టే ఉంటుంది కాబట్టి ఈ రకం ఆటలను విత్తే ఆటలని కూడా అంటారు. ఆఫ్రికా అంతటా ఆడతారు. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, టర్కీల్లో ఆడే ఇదే కుటుంబం ఆటలను 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎంబీఏ చదివిన మనిషి ఆడటానికి పనికిరాని ఆటేమీ కాదు.

ఘనాలో ఆడే ఇలాంటి ఆటను ఒవారే అంటారు. 12 గుంటలు, 48 గింజలు. అందులో ఒక నియమం నాకు చాలా ఇష్టం. ఎదుటివాడి వైపు గుంటలన్నీ ఖాళీ అయిపోతే, నీకు వీలున్నంతవరకు వాడి వైపు గింజలు పడేలాగే ఆడాలి. గెలుస్తున్నాను కదా అని వాణ్ణి మాడ్చకూడదు. మీరు వాళ్ళిద్దరి ఆటలోంచి లేచి వచ్చేశారు. వాళ్ళు మిమ్మల్ని పిలవలేదా? మొదట్లో మీ భార్య పిలిచే ఉంటుంది. పాలేరువా అన్న నోటితో మీరేం జవాబు చెప్పి ఉంటారో నేను ఊహించగలను.

ఆ మాట గురించి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. మీరు తిట్టింది మీ భార్యను అనుకుంటున్నారు. మీ అమ్మ 40 ఏళ్ళు చేసిన పని అది. పేడ ఎత్తడం పాలేరుతనమైతే, ఆ పాలేరే మీ కాలేజీ ఫీజులు కట్టింది. మీ భార్య రెండు రోజులు మాట్లాడకపోవడం తన కోసం అని నేననుకోను, మీ అమ్మ తరఫున కూడా అయివుంటుంది. ముందు ఆ మాటకు క్షమాపణ చెప్పండి. "కోపంలో అన్నాలే" అంటే చెల్లదు. పిల్లలు విని ఉంటే వాళ్ళ ముందే చెప్పండి.

తర్వాత, ఒక శుక్రవారం మీరొక్కరే వెళ్ళండి. పాత బట్టలతో వెళ్ళండి. కుర్చీ వేస్తుంది. కూర్చోకండి. "ఈపూట నాకు పాలు పితకడం నేర్పించమ్మా" అనండి. వద్దంటుంది, నీకెందుకురా అంటుంది, నవ్వుతుంది, కోడలికి ఫోన్ చేసి వీడికేమైంది అని కూడా అడుగుతుంది. మొదటి రోజు మీ చేతికి పాలు దిగవు, ముందే చెప్తున్నాను. కొత్త చేయి, పైగా మీకు టెన్షన్. ఆవు కాలు విసురుతుంది, కాబట్టి అమ్మ ఎటు కూర్చోమంటే అటే కూర్చోండి. దూడను విడవడం, మేత పెట్టడం, ఏదైనా సరే, ఆమె చెప్పాలి, మీరు చేయాలి. తిడితే పడండి. చెయ్యి అలా కాదురా మొద్దూ అని ఆమె మిమ్మల్ని తిట్టి ఎన్నేళ్ళయిందో లెక్క చూసుకోండి.

భూమి ఊసు ఏడాదిపాటు ఎత్తకండి. మనసులో అది పెట్టుకుని పితకడం నేర్చుకోవడానికి వెళ్తే ఆమె పసిగడుతుంది. ఆవే పసిగడుతుంది.

మధ్యాహ్నం ఆటకు కూర్చుంటే ఓడిపోతారు. ఓడిపోండి. మీ అమ్మాయి కూడా మిమ్మల్ని ఓడిస్తుంది, ఏడాదిగా ఆడుతోంది కాబట్టి. శనివారాలు ఒంటరిగా ఉంటున్నానన్న మీ బాధ నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కాకపోతే నలుగురు అక్కడుండి ఒక్కరు ఇక్కడుంటే, కదలాల్సింది ఆ ఒక్కరే. మీ భార్యతో కూడా ఈ మాటే చెప్పండి, "మీరు వెళ్ళొద్దు" అనకుండా "నేనూ వస్తాను" అని. ఒప్పుకోకపోదు.

అన్నిటికంటే ముందు ఇవాళ రాత్రే మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని ఆ పెట్ట సంగతి అడగండి. ఏ రోజు కూర్చుందో వాడు చెబుతాడు. అక్కడినుంచి 21 రోజులు. పొదుగు ముగిసే ఒకటి రెండు రోజుల ముందు నుంచే గుడ్డు లోపల పిల్ల కూస్తుంది, తల్లి బయటినుంచి బదులిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుందని మీవాడికి ఇప్పటికే తెలిసి ఉంటుంది, తెలియకపోతే వాళ్ళ నానమ్మ చెబుతుంది. పెంకు చిట్లడం మొదలయ్యాక పిల్ల పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది, మధ్యలో పెంకు ఒలిచి సాయం చేయబోతే రక్తం కారి చచ్చిపోవచ్చు. కాబట్టి గంటలో లేచి వచ్చే పని కాదు. ఆ తేదీకి ఆఫీసులో రెండు రోజులు సెలవు పెట్టుకోండి.