ఇన్నింగ్ మధ్యలో పిలవకు

చిన్నా,

నీ ఫోన్ వచ్చాక రెండు రోజులు ఆలోచించాను. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూనే మధ్యలో ఆఫీసు కాల్ ఎత్తుతావు. అందుకే రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇదీ. శనివారం నువ్వు నడిపే పిల్లల బేస్‌బాల్ జట్టులో మీ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే పిల్లాడు) బంతిని నేలబారుగా కొట్టి, ఎలాగూ ఔటే కదా అని ఫస్ట్ బేస్ వైపు షికారు నడక నడిచాడు. ఫీల్డర్ చేతిలోంచి బంతి జారింది. పరిగెత్తి ఉంటే సేఫ్. నువ్వు డగౌట్‌లోంచి, అదే జట్టు బెంచీ దగ్గర్నుంచి, అరిచావు. వాడు మళ్లీ ఫీల్డింగ్‌కి వెళ్లాక ఇంకో బంతి వాడి పక్కనుంచి పోగానే టైమ్ అడిగి ఆట ఆపించి, వాణ్ణి బయటికి పిలిచి, వేరే పిల్లాణ్ణి పంపావు. వాడు గ్లవ్ నేలకేసి కొట్టాడు. వాళ్ల నాన్న ఫెన్స్ దగ్గరికొచ్చి గొడవ. రాత్రికి వాట్సాప్ గ్రూప్ రెండు వర్గాలు. ఇప్పుడు సగం జట్టు నీ మొహం చూడటం లేదు, మీవాడితో సహా.

"తప్పు వాడిదా, నాదా?" అని అడిగావు. పరిగెత్తకపోవడం వాడి తప్పే. ఆ తర్వాతదంతా నీది.

కోపం తెచ్చుకోకు. నీకంటే ఎంతో పేరున్నవాళ్లు ఇదే పని ఇంతకంటే ఘోరంగా చేశారు. అందులో ఒకటి నేను టీవీలో కళ్లారా చూశాను.

1977 జూన్ 18, శనివారం. నేను అమెరికా వచ్చి అప్పటికి రెండేళ్లు. జెర్సీ సిటీలో ముగ్గురం ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకుని ఉండేవాళ్లం. మధ్యాహ్నం పప్పన్నం, ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ, ఎదురుగా నలుపు తెలుపు టీవీ. క్రికెట్ దొరకని చోట ఏదో ఒక ఆట ఉండాలి గదా అని బేస్‌బాల్‌కి అలవాటు పడ్డాం. ఆ రోజు బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో రెడ్ సాక్స్ మీద మన న్యూయార్క్ యాంకీస్. జట్టుని నడిపే మేనేజర్ బిల్లీ మార్టిన్. రైట్ ఫీల్డ్‌లో రెజీ జాక్సన్. ఐదేళ్లకు దాదాపు 30 లక్షల డాలర్లిచ్చి ఓనర్ జార్జ్ స్టీన్‌బ్రెన్నర్ తెచ్చుకున్న స్టార్ అతను. మేనేజర్‌కీ అతనికీ మొదట్నుంచీ పడదు.

ఆరో ఇన్నింగ్‌లో బోస్టన్ బ్యాటర్ జిమ్ రైస్ బ్యాట్ సగం తిప్పి ఆపబోయాడు. బంతి తగిలి జాక్సన్ ముందు ఎక్కడో పడింది. జాక్సన్ నింపాదిగా వచ్చి తీసుకున్నాడు. ఈలోపు రైస్ రెండో బేస్‌లో ఉన్నాడు. మార్టిన్ పిచ్చర్‌ని (మన బౌలర్ లాంటివాడు) మార్చడానికి అతను నిలబడే మట్టిదిబ్బ, మౌండ్, మీదికి వెళ్లాడు. పనిలో పనిగా పాల్ బ్లెయిర్‌ని రైట్ ఫీల్డ్‌కి పంపాడు. అంటే జాక్సన్ బయటికి రావాలి. పెద్దవాళ్ల ఆటలో ఒకసారి తీసేస్తే ఆ రోజుకి ఇక అంతే.

ఫెన్‌వేలో విజిటింగ్ టీమ్ డగౌట్ మూడో బేస్ వైపు. అంటే అతను మైదానాన్ని అడ్డంగా దాటి రావాలి. స్టేడియం అంతా చూస్తోంది, నేషనల్ టీవీలో దేశమంతా చూస్తోంది. చేతులు చాచి "నేనేం చేశాను?" అన్నట్టు వస్తున్నాడు. మెట్లు దిగగానే మాటా మాటా పెరిగింది. 49 ఏళ్ల మేనేజర్ 31 ఏళ్ల ఆటగాడి మీదికి దూకబోతే, కోచ్‌లు ఎల్‌స్టన్ హవర్డ్, యోగి బెర్రా పట్టుకుని ఆపారు. మా రూమ్మేట్ ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి "ఇదేందిరా, మా ఊళ్లో పొలం గట్టు తగాదాలా ఉంది" అన్నాడు. ఆ ఆట యాంకీస్ 10-4తో ఓడిపోయారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడే ఆపేస్తారు. నేను నీకు చెప్పదలుచుకున్నది అదే ఏడాది అక్టోబర్ 9 సంగతి. కాన్సాస్ సిటీతో ఐదో ఆట, గెలిస్తే వరల్డ్ సిరీస్ (మన ఫైనల్ లాంటిది), ఓడితే ఇంటికి. అవతల పిచ్చర్ ఎడమచేతివాటం పాల్ స్ప్లిటార్ఫ్. జాక్సన్ కూడా ఎడమచేతి బ్యాటరే, అతని బౌలింగ్‌లో తడబడేవాడు (ఇక్కడ బౌలింగ్ అనకూడదని తెలుసులే, యాభై ఏళ్లయినా నోరు తిరగదు). మార్టిన్ ఆట మొదలవకముందే లైనప్‌లోంచి జాక్సన్‌ని తీసేసి, మళ్లీ ఆ పాల్ బ్లెయిర్‌నే రైట్ ఫీల్డ్‌లో పెట్టాడు. జాక్సన్‌కి ఒళ్లు మండే ఉంటుంది. అయినా కూర్చున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్‌లో వేరొకరి బదులు బ్యాటింగ్‌కి పిలిస్తే వెళ్లి ఒక రన్ తెచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్‌ని సింగిల్‌తో మొదలుపెట్టినవాడు బ్లెయిర్. 5-3తో గెలిచారు. తొమ్మిది రోజుల తర్వాత వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో జాక్సన్ ముగ్గురు పిచ్చర్ల మొదటి బంతులకే మూడు హోమ్ రన్లు కొట్టాడు. కప్పు యాంకీస్‌ది.

చూడు, అదే మేనేజరు, అదే ఆటగాడు, బదులుగా వచ్చినవాడూ అదే బ్లెయిర్. పైగా అక్టోబర్‌లో పణంగా ఉన్నది జూన్ కంటే ఎంతో ఎక్కువ. జూన్‌లో కొట్టుకోబోయినవాళ్లు అక్టోబర్‌లో ఎందుకు నిలబడ్డారు? నాకు తోచింది ఇదే: ఒకసారి ఆట ఆపి అందరి ముందూ నడిపించాడు, ఇంకోసారి ఆటకి ముందే ఆటకి సంబంధించిన కారణంతో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టడాన్ని ఏ ఆటగాడైనా ఓర్చుకుంటాడు. ఆ నడకని ఓర్చుకోడు.

ఆ నడక నాకు ఇంకో రకంగా కూడా తెలుసు. 1994లో మా ఊరి లీగ్‌లో నేను మేనేజర్‌ని, మీ బావ నా జట్టులో రైట్ ఫీల్డర్. వాడికి పన్నెండేళ్లు. మే నెల, మైదానం నిండా పచ్చటి డాండెలైన్ పూలు. బంతి వాడి కాళ్ల పక్కనుంచి పోతుంటే వీడు వంగి పూలు పీకుతున్నాడు. నా కొడుకని వెనకేసుకొస్తున్నాననుకుంటారేమో అన్న భయం ఒకటి నాకు. టైమ్ అడిగి బయటికి పిలిచాను. వాడు వస్తూ వస్తూ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బెంచీ చివర కూర్చున్నాడు. ఆట అయిపోయేదాకా ఆ టోపీ దించలేదు. పిడికిట్లో నాలుగు పూలు అలాగే ఉన్నాయి, కారెక్కేటప్పుడు చూశాను. మీ అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మొన్న థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు కూడా వాడు "నాన్నా, ఆ రోజు బెంచీ దాకా అరవై రెండు అడుగులు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే.

మనకి క్రికెట్ అలవాటు కాబట్టి ఇక్కడొక చిక్కు మనకి వెంటనే అర్థం కాదు. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చేది కెప్టెన్. వాడూ ఎండలోనే ఉంటాడు, వాడూ క్యాచ్‌లు వదిలేస్తాడు. ఇక్కడ మార్చేది నీడలో కూర్చున్న మేనేజరు. యూనిఫామ్ వేసుకుంటాడు గానీ బ్యాట్ పట్టడు. అందుకని నువ్వు ఏం చేసినా "నువ్వొచ్చి ఆడు చూద్దాం" అనే మాట పిల్లల మనసులో ఒక మూల ఉంటుంది. దాన్ని తీసేయలేం. దాన్ని రెచ్చగొట్టకుండా ఉండటమే మన చేతిలో ఉన్న పని.

ఇక ఈ శనివారం సంగతి. ముందు ఆ పిల్లాడితో మాట్లాడు, వాళ్ల నాన్నతో తర్వాత. ప్రాక్టీస్‌కి పది నిమిషాలు ముందు రమ్మను. ఎదురెదురుగా నిలబడి మాట్లాడకు, కోర్టులో ఉన్నట్టుంటుంది. గ్లవ్‌లు తగిలించుకుని క్యాచ్ ఆడుతూ మాట్లాడు. "అందరి ముందూ అలా పిలవకుండా ఉండాల్సింది, అది నా పొరపాటు" అను. అక్కడే ఆపు. "కానీ నువ్వు కూడా..." అని తోక తగిలించావో, మొదటి వాక్యం కొట్టుకుపోతుంది. నాలుగైదు బంతులయ్యాక, పరిగెత్తే సంగతి విడిగా చెప్పు. నేల మీద కొట్టిన ప్రతి బంతికీ ఫస్ట్ బేస్ దాటేదాకా పరిగెత్తాలి, లేకపోతే వచ్చే ఆటలో మొదటి రెండు ఇన్నింగ్స్ బెంచీ మీదే. ఈ రూల్ జట్టంతటికీ, మీవాడికి కూడా. నోటితో చెప్పి వదిలేయకు, కాగితం మీద రాసి డగౌట్‌లో అతికించు. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) రూల్ ప్రకారం ప్రతి పిల్లాడూ కనీసం 6 ఔట్ల పాటు ఫీల్డింగ్‌లో ఉండాలి, కనీసం ఒకసారి బ్యాటింగ్ చేయాలి. నీ శిక్ష ఆ హద్దు దాటకుండా చూసుకో, లేకపోతే వాళ్ల నాన్న రూల్ పుస్తకం పట్టుకుని వస్తాడు, అప్పుడు న్యాయం ఆయన పక్షానే ఉంటుంది.

పిచ్చర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. 11-12 ఏళ్ల వాళ్లకి రోజుకి 85 పిచ్‌లు (విసిరే బంతులు) హద్దు, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. ఈ లెక్క నీకు మంచి స్నేహితుడు. డెబ్బై దగ్గరున్నప్పుడే ఇన్నింగ్ విరామంలో "ఇంకా పదిహేనున్నాయి" అని చెప్పేయి. ఉన్నట్టుండి మౌండ్ మీదికెళ్లి చెయ్యి చాస్తే పిల్లలేంటి, పెద్దవాళ్లే తట్టుకోలేరు. 2019 జూలైలో క్లీవ్‌లాండ్ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా బంతి కోసం వస్తుంటే పిచ్చర్ ట్రెవర్ బావర్ దాన్ని సెంటర్ ఫీల్డ్ గోడ అవతలికి విసిరేశాడు. రెండు మూడు రోజుల్లో అతన్ని సిన్సినాటి జట్టుకి పంపేశారు. నువ్వు మీ పిల్లాణ్ణి ఏ ఊరికీ పంపలేవు, మళ్లీ మంగళవారం ప్రాక్టీస్‌లో వాడే.

మధ్యవర్తిని వెతుక్కో. 1977లో మార్టిన్‌కీ జాక్సన్‌కీ మధ్య మాటలు నడిపినవాడు ఫ్రాన్ హీలీ, బ్యాకప్ క్యాచర్. పెద్దగా ఆడే అవకాశం వచ్చేది కాదు, కానీ ఇద్దరూ అతని మాట వినేవాళ్లు. మీ జట్టులో స్కోరు పుస్తకం రాసే ఆవిడ అలాంటి మనిషని మీ అమ్మ చెప్పింది. తల్లిదండ్రుల మాటలు ముందు ఆవిడ దగ్గరికే వెళ్లనీ.

వాట్సాప్‌లో మాత్రం ఒక్క ముక్క రాయకు. సమాధానం, వివరణ, నమస్కారం ఎమోజీ, ఏదీ వద్దు. 1940 జూన్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాళ్లు గుంపుగా ఓనర్ ఆల్వా బ్రాడ్లీ దగ్గరికెళ్లి మేనేజర్ ఆసీ విట్‌ని తీసేయమన్నారు. బెంచీ మీద కూర్చుని అందరూ వినేలా ఆటగాళ్లని దెప్పిపొడుస్తాడని వాళ్ల బాధ. సంగతి పేపర్లకెక్కింది, జట్టుకి "క్రైబేబీస్" (ఏడుపుగొట్టు పిల్లలు) అని పేరు పడింది, వేరే ఊళ్ల జనం పాలసీసాలు చూపించి వెక్కిరించారు. చివరికి ఒక్క గేమ్ తేడాతో టైటిల్ డెట్రాయిట్‌కి పోయింది. మన సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్‌ని 2018 టీ20 వరల్డ్ కప్ సెమీఫైనల్లో పక్కన పెట్టినప్పుడూ అంతే. ఆమె బోర్డుకి రాసిన లేఖ, కోచ్ ఇచ్చిన రిపోర్టు రెండూ బయటికొచ్చాయి. ఆ తర్వాత క్రికెట్ గురించి మాట్లాడినవాళ్లెవరు?

ఇంకొక్కటి, నాలాంటి ముసలాళ్లు ఎక్కువగా చేసేది. 2021 మేలో షికాగో వైట్ సాక్స్ 15-4 ఆధిక్యంలో ఉండగా, కొట్టొద్దని సైన్ (చేతి సైగ) ఇచ్చినా యెర్మిన్ మెర్సెడెస్ హోమ్ రన్ కొట్టాడు. 76 ఏళ్ల మేనేజర్ టోనీ లా రూసా విలేఖరుల ముందు అతన్ని కడిగిపారేశాడు. మర్నాడు అవతలి జట్టు పిచ్చర్ మెర్సెడెస్ వెనక నుంచి పోయేలా బంతి విసిరితే, అందులో తప్పేం లేదన్నట్టు మాట్లాడాడు. సైన్ పట్టించుకోకపోవడం తప్పే, ఒప్పుకుంటా. కానీ మనవాడి మీదికి బంతి వచ్చినప్పుడు కూడా మనవాడి పక్కన నిలబడకపోతే క్లబ్‌హౌస్‌లో ఎవరు నమ్ముతారు? రేపు అవతలి జట్టు తల్లిదండ్రులెవరైనా "మీ షార్ట్‌స్టాప్‌కి పొగరండీ" అంటే, నువ్వు నవ్వి "మా షార్ట్‌స్టాప్ చేతులు చూశారా?" అనాలి. ఆ మాట వాడి చెవిన పడుతుంది. పిల్లల చెవులు నువ్వనుకునేదానికంటే పెద్దవి.

మీవాడి సంగతి కొంచెం ఆలస్యం కావచ్చు. మేనేజర్ కొడుకై పుట్టడం వాడి తప్పు కాదు. ఇంటికొచ్చాక ఆట ఊసెత్తకు. కార్లో అసలే వద్దు.

చివరగా, పొద్దుతిరుగుడు గింజల పెద్ద ప్యాకెట్ ఒకటి కొని డగౌట్‌లో పెట్టు. పిల్లలకి ఇష్టం. నీ జేబులోనూ గుప్పెడు వేసుకో. నోటి నిండా గింజలుంటే అరవడానికి ముందు ఉమ్మాలి కదా, ఆ రెండు క్షణాలు చాలు. 1995 నుంచీ నాకు అలాగే గడిచింది.

శనివారం ఆట ఎన్నింటికో మెసేజ్ పెట్టు. మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది, మొత్తం జట్టుకి.

మీ మామయ్య