చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును మరొకరు ఎలా తొలగించగలిగారు?

మీరు అడిగినవి రెండు: లినక్స్ సర్వరులో మీ హోమ్ డైరెక్టరీలోని ఫైలుకు 644 అనుమతులున్నా (యజమాని చదవవచ్చు, రాయవచ్చు; మిగతావారు చదవవచ్చు) సహోద్యోగి ఎందుకు తెరవలేకపోతున్నారు, ఉమ్మడి డైరెక్టరీలో మీరు 444 (అందరికీ చదవడం మాత్రమే) ఇచ్చి ఉంచిన ఫైలును ఆయనే ఎలా తొలగించగలిగారు. రెండింటికీ జవాబు ఫైలులో కాక, దాన్ని ఉంచిన డైరెక్టరీలో ఉంది.

ఈ సంగతి నాకు ఒక రోజంతా పోగొట్టుకున్నాక గాని తెలియలేదు. పలువురు వాడే సర్వరులో నా ఫైలొకటి మాయమైంది. దానికి చదివే అనుమతి తప్ప మరేదీ లేదు కనుక, ఎవరో రూట్ (సర్వరు మీద సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డు సంపాదించారని అనుమానించి లాగ్ ఫైళ్లన్నీ తిరగేశాను. తీరా చూస్తే, జట్టులో ఒకరు పాత ఫైళ్లను ఏరివేస్తూ దాన్ని కూడా తీసేశారు. ఫైలు పేరు ఫైలులో ఉండదు, డైరెక్టరీ అనే పేర్ల జాబితాలో ఉంటుంది. తొలగించడమంటే ఆ జాబితాలోంచి పేరు కొట్టివేయడమే. అందువల్ల డైరెక్టరీ మీద రాసే అనుమతి, ప్రవేశించే అనుమతి రెండూ ఉన్నవారు అందులోని ఫైలు ఎవరిదైనా తొలగించగలరు. రాసే అనుమతి లేని ఫైలైతే, తొలగించే ఆర్‌ఎం (rm) ఆదేశం మామూలుగా ఒకసారి ‘తొలగించమంటారా’ అని అడుగుతుంది గాని, అది మర్యాదే తప్ప అడ్డంకి కాదు.

దీనికి విరుగుడు స్టిక్కీ బిట్. ఉమ్మడి డైరెక్టరీకి 1770 ఇస్తే (మొదటి 1 స్టిక్కీ బిట్‌ది; 770 యజమానికి, గ్రూపుకు అన్ని అనుమతులూ ఇస్తుంది), గ్రూపు సభ్యులందరూ అందులో ఫైళ్లు పెట్టవచ్చు; కానీ తొలగించే హక్కు ఆ ఫైలు యజమానికి, డైరెక్టరీ యజమానికి, రూట్‌కు మాత్రమే ఉంటుంది. అందరూ వాడుకునే తాత్కాలిక డైరెక్టరీకి సాధారణంగా 1777 ఉండడానికి కారణమిదే.

ఇక మొదటి ప్రశ్న. మూడు అంకెలు వరుసగా యజమానివి, గ్రూపువి, ఇతరులవి; ఒక్కో అంకెలో చదవడానికి 4, రాయడానికి 2, అమలుకు 1 కలుస్తాయని మీకు తెలిసే ఉంటుంది. డైరెక్టరీ విషయంలో ఆ 1కి అర్థం దాటి లోపలికి వెళ్లే హక్కు. దారిలోని ప్రతి డైరెక్టరీలోనూ అది ఉండాలి. 700 ఉన్న హోమ్ డైరెక్టరీలో 644 ఫైలు, తాళం వేసిన ఇంట్లో తలుపు తీసి ఉంచిన బీరువా వంటిది. నేమ్‌ఐ (namei) ఆదేశానికి ఎల్ (-l) ఐచ్ఛికం, ఫైలు పూర్తి మార్గం ఇస్తే ఒక్కో మెట్టు అనుమతులు వరుసగా కనిపిస్తాయి.

హోమ్ డైరెక్టరీకి 711 ఇస్తే (ఇతరులు దాటి వెళ్లగలరు, అంతే) పని జరుగుతుంది, కానీ ఫైలును ఉమ్మడి డైరెక్టరీకి మార్చడమే మేలని నా అభిప్రాయం. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 జోలికి మాత్రం వెళ్లకండి. సహోద్యోగిని ఉమ్మడి డైరెక్టరీ గ్రూపులో కొత్తగా చేర్చితే, ఆయన ఒకసారి లాగౌట్ అయి తిరిగి లాగిన్ కావాలి.