కర్నూలులో వాన, సాయంత్రం రైలు: ఆఖరి రోజు ఏం చూడొచ్చు, ఏం వదిలేయాలి?

మీరు అడిగింది: సెప్టెంబరులో మూడు రోజులకని కర్నూలొచ్చి రెండు రోజులూ వానలోనే తిరిగారు. బట్టలన్నీ తడిశాయి. రేపు పొద్దున 10కి రూం ఖాళీ చేయాలి, సాయంత్రం 5కి రైలు. వెంట మీ అమ్మగారు, ఇద్దరు పిల్లలు. బెలూం గుహలు, సంగమేశ్వరం మిగిలిపోయాయి, కనీసం ఒకటైనా అవుతుందా అని.

రెండూ వదిలేయండి. సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయంలో ఉంది. వానాకాలం నీళ్ళు చేరితే మునిగిపోతుంది, మళ్ళీ ఎండాకాలం దగ్గరపడ్డాకే బయటపడుతుంది. ఇప్పుడు పోతే చూసేది నీళ్ళనే. బెలూంకు వాన అడ్డం కాదు, దూరం అడ్డం. ఆ గుహలున్న కొలిమిగుండ్ల దగ్గరికి ఒకవైపే వంద కిలోమీటర్ల పైన ఉంటుంది. తడి రోడ్ల మీద పోనూ రానూ ఐదు గంటలకు తక్కువ పట్టదు. 3,229 మీటర్ల గుహలో జనాన్ని నడవనిచ్చేది సుమారు కిలోమీటరున్నర, అదీ బాగా ఉక్కగా ఉంటుంది. గడియారం చూసుకుంటూ పెద్దామెను అందులో నడిపించడం మంచిది కాదు.

సంగమేశ్వరం మీదే మనసుంటే ఊరి పక్కనే జగన్నాథగట్టు ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఆ గట్టు మీద మళ్ళీ నిలబెట్టారు. గోడల మీద శిల్పాలు తీరిగ్గా చూడదగ్గవి. వాన తెరిపిచ్చిన వెంటనే పోతే తడిసిన రాయి మీద చెక్కడం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆటో మాట్లాడేటప్పుడు ఎక్కడం, అక్కడ ఆగడం, తిరిగి దింపడం మూడూ కలిపి ఒకే రేటు చెప్పించుకోండి. అటు మాత్రమే మాట్లాడుకుంటే వానలో గట్టు మీద ఇంకో ఆటో దొరకడం కష్టం.

రేపటి రోజు బాగుండాలంటే పని ఈ రాత్రే మొదలవ్వాలి, అది బట్టలు ఆరబెట్టడం. తడి బట్టను ఊరికే పిండి కుర్చీ మీద వేస్తే తెల్లారినా ఆరదు. పొడి తువాలు మంచం మీద పరిచి, దాని మీద చొక్కా సాపుగా పరవండి. రెండింటినీ కలిపి చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, ఆ చుట్ట మీద మోకాళ్ళతో ఒక నిమిషం నొక్కండి. విప్పి చూస్తే తువాలు బరువెక్కి ఉంటుంది, చొక్కా చెమ్మగా మాత్రమే ఉంటుంది. ఇప్పుడు హ్యాంగరుకు తగిలించి, గోడకు ఆనకుండా, ఫ్యాను గాలి రెండు వైపులా తగిలేటట్టు వేలాడదీయండి. జీన్సును తిరగేసి, జేబులు బయటికి లాగి వేయండి, ఎప్పుడూ చివర ఆరేది ఆ జేబుల దగ్గరే. ఏసీ ఉంటే కిటికీలు మూసి డ్రై మోడ్‌లో పెట్టండి, గదిలో చెమ్మను అదే లాగేస్తుంది. ఏసీ లేకపోతే మాత్రం కిటికీ కొంచెం తెరవాలి, లేదంటే బట్టల తడి గదిలోనే తిరుగుతుంది.

బూట్లలో పాదం కింద ఉండే అట్ట (ఇన్‌సోల్) బయటికి తీసి, న్యూస్ పేపరు ఉండలు ముక్కు దాకా కుక్కండి. రెండు గంటలకోసారి, పడుకునే లోపు మూడుసార్లు ఆ పేపరు మార్చాలి. మార్చకపోతే తడిసిన పేపరు బూటును తడిగానే ఉంచుతుంది. డ్రయ్యరు వేడి పెట్టొద్దు, అడుగు జిగురు ఊడుతుంది. పొద్దుటికీ ఆరనివి వేరే కవరులో కట్టి బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టండి, ఇల్లు చేరగానే ముందు వాటినే విప్పాలి. మర్నాడు సాయంత్రం దాకా ఉంచితే ముక్క వాసన పట్టుకుని రెండుసార్లు ఉతికినా పోదు.

పొద్దున లేస్తూనే రిసెప్షన్‌లో రెండు మాటలు అడగండి. చెక్ అవుట్ నిజంగా 10కేనా, దిగినప్పటి నుంచి 24 గంటల లెక్కా? రెండోది, లగేజీ సాయంత్రం దాకా ఉంచుతారా? సరేనంటే జిప్పులకు తాళాలు వేసి, ఎన్ని బ్యాగులో చీటీ రాయించుకోండి. మందులు, టికెట్లు, ఛార్జరు, పిల్లలకు ఒక్కో జత పొడి బట్టలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ఇక టైం వెనక నుంచి లెక్కేయండి. 5 రైలంటే 4:30కి ప్లాట్‌ఫారం మీద ఉండాలి. వాన పడితే ఆటోలు దొరకవు, దొరికినా ఎక్కువ అడుగుతారు, దానికీ దారికీ కలిపి ఒక గంట వదలండి. అంటే 3:30కి హోటల్లో బ్యాగులు చేతిలో ఉండాలి. తిరగడానికి మిగిలేది 10 నుంచి 3 దాకా, మధ్యలో భోజనం. జగన్నాథగట్టు, కొండారెడ్డి బురుజు, అబ్దుల్ వహాబ్ సమాధి హాయిగా అవుతాయి. తుంగభద్ర దాటి అలంపురం కూడా ఇరికించాలని చూడకండి. 7, 8 శతాబ్దాల నాటి నవబ్రహ్మ ఆలయాలు తొందరలో చూసేవి కావు, మధ్యాహ్నం గుడి మూసే వేళ వేరే ఉంటుంది.

కొండారెడ్డి బురుజు ఊరి నడిబొడ్డునే ఉంది. 16వ శతాబ్దంలో విజయనగరం అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగం ఇది. వాన ఆగిన గంట తర్వాతే ఎక్కండి. రాతి మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, తడి మీద రబ్బరు చెప్పు జారుతుంది. దిగేటప్పుడు పక్కకు తిరిగి, గోడ మీద చెయ్యి వేసి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగాలి. పైన గాలికి గొడుగు తిరగబడుతుంది, రెయిన్ కోటే మేలు. అమ్మగారిని కిందనే కూర్చోబెట్టండి. హంద్రీ ఒడ్డున ఉన్న గుమ్మటం, అంటే అబ్దుల్ వహాబ్ సమాధి, 17వ శతాబ్దం మొదట్లోది. చినుకులు మళ్ళీ మొదలైతే అక్కడి వరండా కమానుల కింద నిలబడొచ్చు. నది పారుతుంటే పిల్లలను నీళ్ళ దగ్గరికి దిగనివ్వొద్దు. పైన ఎక్కడో కురిసిన వానకు హంద్రీ ఉన్నట్టుండి పెరుగుతుంది.

ఏసీ గదిలోంచి బయటికి రాగానే ఫోన్ కెమెరా మీద ఆవిరి పడుతుంది. చల్లటి అద్దానికి తేమ గాలి తగలడమే కారణం. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది, సంచిలోనే 20 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఛార్జింగ్ రంధ్రంలో నీళ్ళు పోతే రంధ్రం కిందికి పట్టి మెల్లగా తట్టండి, ఆరేదాకా ఛార్జరు పెట్టొద్దు. బియ్యంలో మాత్రం పూడ్చకండి, ఆ పొడి లోపలికి పోతుంది.

పొద్దున టిఫిను బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అక్కడే వేడిగా తినేయండి. పార్సిల్ కడితే బొరుగులు ముద్దవుతాయి, బజ్జీ మెత్తబడుతుంది. రైల్లోకి జొన్నరొట్టెలు, కూర కట్టించుకోండి. రొట్టెలు చల్లారాక గుడ్డలో చుట్టాలి. వేడిగా ప్లాస్టిక్‌లో పెడితే వాటి ఆవిరికే తడిసి, మీరు మూత తీసేసరికి జిగురొచ్చి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.